తీర్పు చెప్పిన నోటికి పూచీ ఏది?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఓపిక లేనివాళ్ళు చివరి నాలుగు పేరాలైనా చదవండి. నేను అడిగేది అక్కడే ఉంది.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఉగాది కార్యక్రమం గురించి మాట్లాడుకున్నాం. మన పిల్లలు ఒక నాటకం వేస్తామన్నారు. ఆర్థర్ మిల్లర్ అనే అమెరికా రచయిత రాసిన 'ది క్రూసిబుల్'. కాలేజీలో ఇంగ్లీషు క్లాసులో చదివారట. వాళ్ళే తెలుగు చేసుకుని నలభై నిమిషాలకు కుదించారు. పది నిమిషాల్లో కమిటీ వద్దనేసింది. కారణాలు మూడు చెప్పారు. ఒకటి, అది పరాయి నాటకం. రెండు, పండగపూట చేతబడి మాటలు ఏమిటి, నమ్మకాల జోలికి పోవద్దు. మూడు, మన జనంలో ఇట్లాంటివి లేవు, ఉన్నట్టు చూపిస్తే సంఘం పరువు పోతుంది.

మూడో మాట అన్న పెద్దాయన నా మొహం చూడకుండా అన్నారు. ఎందుకు చూడలేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ పోస్టు.

ముందు నాటకం సంగతి. క్రూసిబుల్ అంటే కంసాలి బంగారం కరిగించే మూస. అందులో వేస్తే ఏది బంగారమో ఏది మడ్డో తేలిపోతుంది. 1692లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, సేలం అనే చోట కొందరు ఆడపిల్లలకు ఉన్నట్టుండి వంకర్లు పోయే జబ్బు వచ్చింది. మందు పనిచేయలేదు. ఎవరో మంత్రం పెట్టారన్నారు. ఎవరు పెట్టారని పిల్లల్నే అడిగారు. పిల్లలు పేర్లు చెప్పారు. మొదట చెప్పిన పేర్లు ఎవరివో ఊహించుకోండి. ఒక బానిస, ఒక బిచ్చగత్తె, మంచానపడ్డ ఒక ఆడమనిషి. అడిగే దిక్కులేనివాళ్ళు. ఆ తర్వాత ఆ వేలు ఎటు తిరిగితే అటు. నూట యాభై మందికి పైగా నేరం మోపారు. 19 మందిని ఉరి తీశారు. నేరం ఒప్పుకోను, కాదనను అని మౌనంగా ఉన్న ఒక ముసలాయన్ని రాళ్ళ బరువు పెట్టి చంపారు.

ఆ కోర్టులో ఒక విచిత్రం ఉంది. అవును, నేను మంత్రగత్తెనే అని ఒప్పుకున్నవాళ్ళు బతికారు. నేను కాను అని నిజం చెప్పినవాళ్ళు ఉరికంబం ఎక్కారు. అబద్ధానికి ప్రాణం, నిజానికి ఉరి. మిల్లర్ ఈ ముడి పట్టుకుని 1953లో నాటకం రాశాడు. అప్పుడు అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తోంది. నీతో ఎవరెవరున్నారో పేర్లు చెప్పు, వదిలేస్తాం అనేవాళ్ళు. 1956లో అదే ప్రశ్న మిల్లర్‌నూ అడిగారు. తన గురించి చెప్పాడు, ఇతరుల పేర్లు చెప్పనన్నాడు. 1957లో శిక్ష వేశారు, 1958లో పై కోర్టు కొట్టేసింది. కల్పన కోసం ఆయన వయసులు మార్చాడు. నిజమైన జాన్ ప్రాక్టర్‌కు అరవై ఏళ్ళు, అబిగేల్‌కు పన్నెండుకు మించవు. నాటకంలో ఆయన నడివయసు రైతు, ఆ పిల్లతో తప్పు చేసినవాడు.

ఆ తప్పే నాటకానికి ప్రాణం. ప్రాక్టర్ మహాత్ముడు కాడు. నేనే తప్పు చేసినవాణ్ణి, పుణ్యాత్ముల్లాగా నిజం కోసం చావడానికి నాకేం యోగ్యత ఉంది అనుకుంటాడు. చివరి రోజు పొద్దున భార్య కోసం, బిడ్డల కోసం అబద్ధం ఒప్పుకుంటాడు. సంతకం కూడా పెడతాడు. కానీ ఆ కాగితాన్ని గుడి తలుపుకు అంటిస్తామంటారు. అప్పుడు చింపేస్తాడు, ఉరికి పోతాడు. నోటితో అన్న అబద్ధం వేరు, తన పేరు కింద నిలిచిపోయే అబద్ధం వేరు అని ఆయనకు ఆ క్షణంలో తెలుస్తుంది.

ఇప్పుడు 'పరాయి' అన్న మాటకు వస్తాను.

హరిశ్చంద్ర నాటకం మనకు పరాయిదా? మన తాతలు తెల్లార్లు చూశారు. కాటి సీను వస్తే మనమందరం హరిశ్చంద్రుడి సత్యం కోసం ఏడుస్తాం. చంద్రమతి మీద పడిన నేరం ఏమిటో ఎవరికైనా గుర్తుందా? కాశీరాజు బిడ్డను చంపిందని. అర్ధరాత్రి పూట ఒంటరి ఆడది, పక్కన బిడ్డ శవం, ఇంకేం సాక్ష్యం కావాలి? తల నరకమని ఆజ్ఞ. కత్తి ఎత్తింది ఆమె మొగుడే. అక్కడ దేవుడు ప్రత్యక్షమై కత్తి ఆపాడు కాబట్టి మంగళం పాడి ఇంటికొచ్చాం. దేవుడు ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదని ఏ రోజైనా అడిగామా?

ఇంకా దగ్గరికి వస్తాను. తిరువాలంగాడు మనకు కొత్త ఊరు కాదు. తిరువళ్ళూరు నుంచి అరక్కోణం పోయే లోకల్ రైలు అక్కడ ఆగుతుంది. నటరాజు అయిదు సభల్లో ఒకటైన రత్నసభ అక్కడే ఉంది. దాన్ని ఆనుకునే పళయనూరు. ఆ పళయనూరు నీలి కథ తమిళంలోనో తెలుగులోనో వినని ఇల్లు మన తాలూకాలో ఉండదు. ఏడో శతాబ్దపు సంబందర్ తేవారంలోనే దాని ప్రస్తావన ఉంది.

ఒక వ్యాపారి ఆ దారిన వస్తాడు. వెనకాలే నీలి అనే పేయి ఆడమనిషి వేషంలో, జెముడు కొమ్మను బిడ్డగా చేసి చంకనెత్తుకుని వస్తుంది. వీడు నా మొగుడు, నన్ను వదిలేసి పోతున్నాడని పళయనూరు పెద్దలు 70 మంది ముందు ఏడుస్తుంది. నేను దీని మొగుణ్ణి కాదు, ఇది నన్ను చంపుతుందని అతను మొత్తుకుంటాడు. పెద్దలు ఆ కన్నీళ్ళు చూశారు, బిడ్డను చూశారు, ఆమె మాటే నమ్మారు. అతని చేతిలో కత్తి తీయించి, ఇద్దర్నీ ఒక ఇంట్లో పెట్టారు. నీ ప్రాణం పోతే మా 70 మంది ప్రాణాలూ ఇస్తామని మాటిచ్చారు. తెల్లారేసరికి అతను శవం. 70 మందీ ఇచ్చిన మాట ప్రకారం నిప్పుల్లో దిగారు.

ఈ కథలోంచి మనం ఏరుకున్నది ఏమిటి? 'నీలి కన్నీరు' అనే ఒక తిట్టు. ఆడది ఏడిస్తే నమ్మొద్దు అనే ఒక పాఠం. నేను ఆ కథను ఇంకో రకంగా చదవమంటున్నాను. రెండు విషయాలు చూడండి.

మొదటిది, నీలి ఎందుకు పేయి అయింది? పోయిన జన్మలో మొగుడి చేతిలో చచ్చింది కాబట్టి. ఆ చావుకు పంచాయితీ ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. కథలో మొదటి నేరం ఆమె చేసింది కాదు, ఆమెకు జరిగింది. దాన్ని మనం ఎప్పుడూ గబగబా దాటేస్తాం.

రెండోది, ఆ 70 మంది తీర్పు తప్పింది. తప్పని తెలిశాక మాకు తెలియక జరిగింది, మేం మంచికే చేశాం, ఊరి శాంతి కోసం చేశాం అని వాళ్ళు అనలేదు. తీర్పు చెప్పేముందే తమ ప్రాణాలు పూచీ పెట్టారు. పూచీ చెల్లించారు. ఆ ఊరికి గౌరవం అందుకు, తీర్పు సరైనదైనందుకు కాదు.

సేలంలోనూ కొందరు చెల్లించారు, ఆలస్యంగా. 1697లో సామ్యూల్ సీవాల్ అనే న్యాయమూర్తి చర్చిలో జనం మధ్య లేచి నిలబడ్డాడు. తన తప్పు ఒప్పుకున్న కాగితాన్ని పాస్టరు చదువుతుంటే అలాగే నిలుచున్నాడు. జ్యూరీలో కూర్చున్న 12 మంది క్షమాపణ రాసిచ్చారు. పేర్లు చెప్పిన ఆడపిల్లల్లో ఆన్ పట్నమ్ 1706లో అదే పని చేసింది. 1711లో ప్రభుత్వం ఆ కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చింది.

మనం? ప్రాణం పూచీ పెట్టిన పళయనూరు పక్కనే ఉండి, క్షమాపణ అనే మాట కూడా నేర్చుకోలేదు.

"మన జనంలో ఇట్లాంటివి లేవు" అన్నారు కదా. మన భాష మాట్లాడే నేల మీదే చూడండి. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట దగ్గర అద్రాస్‌పల్లిలో చనిపోయిన ఒక ఆడమనిషి చితి మీదే, ఆమెకు చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక కుర్రవాణ్ణి కాల్చేశారు. అక్కడ ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ మంత్రాల అనుమానంతో పొడిచి చంపారు. ఎక్కడ? ఒక కులసంఘం సమావేశంలో. మళ్ళీ చదవండి, సంఘం సమావేశంలో. 2023 జూన్‌లో సదాశివపేట మండలం కొల్కూరులో మొగుడూ పెళ్ళాలను చెట్టుకు కట్టి కొట్టారు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలో 2022లో దేశం మొత్తం మీద మంత్రాల అనుమానంతో జరిగిన హత్యలు 85. బిహార్ 1999లోనే దీని మీద చట్టం తెచ్చింది. జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో తెచ్చాయి. మహారాష్ట్ర 2013లో దభోల్కర్ హత్య జరిగిన తర్వాత తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. తమిళనాడులో, ఆంధ్రలో, తెలంగాణలో ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు.

అదంతా తెలంగాణలో, మన తిరుత్తణి పక్క లేదంటారా? సరే. ఇప్పుడు నా సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ కింద మన వీధుల్లోనే ఒక ఇంట్లో పిల్లవాడికి మాటిమాటికీ మూర్ఛ వచ్చేది. వాళ్ళు గురి చెప్పేవాడి దగ్గరికి పోయారు. అతను పేరు చెప్పలేదు, గుర్తులు చెప్పాడు. ఒంటరి ఆడది, ఇంటికి తూర్పు దిక్కున, సూదీ దారం పట్టుకునే చెయ్యి అని. మా వీధిలో టైలరింగ్ చేసుకునే మొగుడులేని ఆడమనిషి ఒక్కతే ఉంది. ఇంక పేరు చెప్పాల్సిన పనేముంది? ఆ గుర్తులు చెప్పేముందు అతనికి ఎవరు ఏమి చెప్పారో ఎవరూ అడగలేదు.

పెద్దలం కూర్చున్నాం. కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. ఆమె చేస్తానంది. అప్పుడు ఒకాయన, చూడండి, భయం లేకుండా చేస్తానంటోంది, శక్తి ఉంది కాబట్టే అన్నాడు. ఆమె భయపడి ఏడ్చింది. ఇంకొకాయన, నీలి కన్నీరు అన్నాడు. సేలం కోర్టు ఎట్లా ఉండేదో తెలుసుకోడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. అదే గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశాను.

చివరికి రాజీ అన్నారు. ఒక కాగితం రాశారు. "ఇకమీదట ఎవరికీ ఏ చెరుపూ చెయ్యను" అని. ఆమె చదువుకున్న మనిషే. చదివి, నా వైపు చూసి అడిగింది. "ఇకమీదట చెయ్యనని రాస్తే, ఇంతకుముందు చేసినట్టే కదన్నా?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. సర్దుకుపో అమ్మా, వీధిలో గొడవ వద్దు అన్నాను. నాటకంలో హేల్ అనే పాస్టరు ఉంటాడు. మంత్రగత్తెల్ని పట్టే పండితుడుగా వస్తాడు, వీళ్ళు నిర్దోషులని తెలుసుకుంటాడు, అయినా జైలుకు పోయి అబద్ధం ఒప్పుకుని ప్రాణం కాపాడుకోండి అని బతిమాలుతాడు. మంచివాడే. కానీ తప్పు చేసిన కోర్టును వదిలేసి, తప్పు చేయనివాళ్ళనే వంగమంటాడు. మనం 'రాజీ' అనే మాటకు సరైన అర్థం అది. గట్టిగా ఉన్నవాళ్ళను ఏమీ అనలేక, మెత్తగా ఉన్నవాళ్ళను ఇంకాస్త మెత్తబడమనడం.

ఆమె సంతకం పెట్టింది. కూతురి పెళ్ళి కుదిరి ఉంది, ఆమెకు వేరే దారి లేదు. కింద అయిదుగురు సాక్షులం. మూడో సంతకం నాది. రెండు నెలల్లో ఆమె ఇల్లు ఖాళీ చేసి ఊరు విడిచిపోయింది. పిల్లవాణ్ణి ఆ తర్వాత చెన్నైలో పెద్దాసుపత్రిలో చూపించారు. మూర్ఛ జబ్బే, మాత్రలు రాశారు. ఇప్పుడు బాగున్నాడు, చదువుకుంటున్నాడు. వాడికి బాగైనప్పుడు గుడిలో పొంగలి పెట్టారు. ఆమెకు ఒక్క ఫోను చేసినవాళ్ళు లేరు. నేనూ చెయ్యలేదు. సంతకం పెట్టినవాణ్ణి, ఇప్పుడు నీతులు చెప్పే యోగ్యత నాకేముంది అనుకుంటూ వచ్చాను. ప్రాక్టర్ సాకు అదే కదా. తప్పు చేసినవాడికి నిజం చెప్పే హక్కు లేదనుకుంటే ఇంక నిజం చెప్పేవాళ్ళు మిగలరు.

నమ్మకాల జోలికి పోవద్దన్నవాళ్ళకు ఒక మాట. ఆడికృత్తికకు నేనూ కావడి ఎత్తినవాణ్ణే. దేవుణ్ణి నమ్మడం వేరు, పక్కింటి మనిషిని దెయ్యమనడం వేరు. సేలంలో ఉరి తీసిన రెబెకా నర్స్ ఆ ఊళ్ళో అందరికంటే భక్తురాలు. మన తిరువాలంగాడు గుడిలోనే కారైక్కాల్ అమ్మైయార్ ఉంది. 63 మంది నాయనార్లలో ఒకరు. అందమైన ఒళ్ళు వద్దని, పేయి రూపం అడిగి తీసుకున్న తల్లి. ఎముకల గూడులా ఉండే ఆ విగ్రహానికి చేతులెత్తి మొక్కుతాం. వీధిలో అట్లా ఎండిపోయిన ఒంటరి ఆడమనిషి కనిపిస్తే పిల్లల్ని లోపలికి పిలుస్తాం. ఇది భక్తి అంటారా?

పరువు గురించి కూడా. 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పట్నుంచి మనం తక్కువమంది వాళ్ళం. తక్కువమంది వాళ్ళు తమ మచ్చలు బయట పెట్టుకోకూడదు అనే భయం నాకు అర్థమవుతుంది. కానీ బడిలో తెలుగు అయ్యవారు లేడని ఏడాదికి ఎన్ని అర్జీలు రాస్తున్నాం? మన పిల్లలకు తెలుగు రాయడం మరిచిపోతోందని ఎంత బాధపడుతున్నాం? ఆ కాగితం మాత్రం ఒక్క తప్పు లేకుండా చక్కటి తెలుగులో రాశాం. భాష కావాలనేది పద్యాలు పాడుకోడానికేనా? తప్పు ఒప్పుకోడానికి కూడా భాష కావాలి. పిల్లలు తెలుగులో ఒక నాటకం రాసుకొస్తే, అది మనల్ని అడిగే ప్రశ్న నచ్చక వద్దనేస్తే, రేపు వాళ్ళు ఏ భాషలో ఆలోచిస్తారో మనం నిర్ణయించేసినట్టే.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను మూడు విషయాలు పెడుతున్నాను.

ఒకటి, పిల్లల నాటకం ఉగాదికి వేయాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చూసిన తర్వాత చెప్పాలి.

రెండు, చేతబడి, సూన్యం, చెరుపు అనే ఏ ఫిర్యాదు మీదా మన సంఘం పంచాయితీ కూర్చోకూడదని తీర్మానం రాయాలి. జబ్బు అయితే డాక్టరు, నేరం అయితే పోలీసు. కాదు, ఆమే చేసిందని ఎవరైనా అంటే, ఆ మాట తన పేరుతో రాసి సంతకం పెట్టాలి. తప్పని తేలితే అదే మీటింగులో నిలబడి క్షమాపణ చెప్పాలి. పళయనూరు పెద్దలు ప్రాణం పెట్టారు. మనం పేరు పెట్టలేమా?

మూడు, ఆ కాగితం ఇంకా సంఘం బీరువాలోనే ఉంది. దాన్ని అందరి ముందు తీయాలి. నా సంతకం ఉన్న చోట నేనే చింపుతాను. మిగతా నలుగురిలో ఒకాయన కాలం చేశారు. ముగ్గురున్నారు, ముగ్గురూ ఈ పోస్టు చదువుతారు. పేర్లు నేను చెప్పను, అది వాళ్ళు చెప్పుకోవలసినది. ఆ తర్వాత ఆమె ఇప్పుడున్న ఊరికి పోదాం. మన్నిస్తుందా లేదా అనేది ఆమె ఇష్టం. నన్ను అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి రావాలి. అవునమ్మా, ఇకమీదట చెయ్యనని రాస్తే ఇంతకుముందు చేసినట్టే. నువ్వు చెప్పింది నిజం. మేం రాయించింది అబద్ధం.